ఊరందరి పేర్లు రాసుకున్న అయ్యవారు

పెద్దయ్యవారు పోయారని కార్డు వచ్చింది. పులివెందులలో బడి మొదలయ్యే వేళ పోస్టుమాన్ దాన్ని నా చేతిలో పెట్టి, నా ముఖం చూడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. కార్డు మీది రాత గనక అతను ముందే చదివి ఉంటాడు. రాసింది ఆయన కూతురు. ‘నాన్న సోమవారం పొద్దున పోయినాడు. మూడు దినాలు జ్వరం. నీకు తెలపమని చెప్పి పోయినాడు.’ అంతే ఉంది. పిల్లల్ని ఎక్కాలు చదవమని కూర్చోబెట్టి నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. వాళ్ళు పదమూడో ఎక్కం దాకా వెళ్ళి, చెప్పేవాడు లేక మళ్ళీ రెండు నుంచి అందుకున్నారు.

పాఠకులకు ఆయన ఎవరో చెప్పాలి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారికి కొంచెం లోపలగా ఒక చిన్న ఊరుంది. నా మొదటి ఉద్యోగం అక్కడ. బడికి ఆయన పెద్దయ్యవారు, నేను చిన్నయ్యవారు. ఇద్దరమే పంతుళ్ళం. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు చాలామంది ఇంకా ఉన్నారు. పైగా నేను చెప్పబోయే తప్పు ఆ ఊరిదే అనుకుని మిగతావాళ్ళు చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆయన ఇల్లు బడి పక్కనే, ఊరి పోస్టాఫీసు కూడా మా బడి వసారాలోనే. ఆ రోజుల్లో పల్లెల్లో బడి అయ్యవారే పోస్టుమాస్టరు. మధ్యాహ్నానికి ముందు రన్నరు సంచి తెస్తాడు. ఆయన లక్క పగలగొట్టి, ఉత్తరాల మీద ముద్రలు కొట్టి, ఒక్కొక్క పేరూ గట్టిగా పిలుస్తారు. వచ్చినవాళ్ళు తమవి తీసుకుంటారు, రానివాళ్ళవి పక్కింటివాళ్ళు పట్టుకుపోతారు. చదవడం రానివాళ్ళకు ఆయనే చదివి పెట్టేవారు. అయితే ముందు తనలో తాను ఒకసారి చదువుకునేవారు. లోపల చెడ్డ కబురుంటే వెంటనే చెప్పరు. “కూర్చోప్పా, ఎండలో వచ్చినావు,” అని చెంబుతో నీళ్ళిస్తారు. ఆయన నీళ్ళిచ్చారంటే ఊళ్ళో అందరికీ గుండె జారిపోయేది.

మంచివాడు అంటే మెత్తనివాడు అనుకునేరు. పిల్లల్ని బాగా కొట్టేవారు. నాలాంటి కుర్ర పంతులు ఆలస్యంగా వస్తే అందరి ముందరే దులిపేసేవారు. నాకూ నోరు ఎక్కువే. పులివెందుల నోరు అని నేనే గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

ఆ నోటికి ఆ ఊళ్ళో బాగా పని దొరికింది. అక్కడ మనిషిని పేరు పెట్టి పిలవడం తక్కువ. కాలు ఈడ్చేవాడు కుంటోడు, నడుము వంగిన ముసలామె గూనిది, చూపు లేనివాడు గుడ్డోడు. ఎదురుగా పిలిచేదీ అలాగే, ఇంటికి గుర్తు చెప్పేదీ అలాగే. నేను వెళ్ళిన ఆరు నెలలకే ఈ విద్యలో ఊరివాళ్ళను మించిపోయాను. నత్తి ఉన్న పిల్లవాడొకడు మూడో తరగతిలో ఉండేవాడు. వాడు పాఠం అప్పజెప్పడానికి లేస్తే, వాడికంటే ముందు నేను వాడిలా మాట్లాడి తరగతిని నవ్వించేవాణ్ణి. పెద్దయ్యవారు కూడా అటువైపు నుంచి నవ్వేవారు. ఆయన పోయారు కదా అని అబద్ధం రాయను, ఆయనా నవ్వేవారు.

బడికి ఎదురింట్లో ఒక నేతగాడు ఉండేవాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. ఆ తర్వాత మేనమామ వెంట ఈ ఊరికి వచ్చి, ఆయన దగ్గరే మగ్గం నేర్చుకుని నిలిచిపోయాడు. మేనమామ పోయి చాలా కాలమైంది. మాటలు బాగానే వచ్చు గానీ హెచ్చుతగ్గులు లేకుండా ఒకే తీరున పలికేవాడు. మనం చెప్పేది పెదవులు చూసి తెలుసుకునేవాడు. వచ్చిన రోజు నుంచీ ఊరికి అతను చెవిటోడు. అతని భార్య చెవిటోని పెండ్లాం. అంతకుమించి వాళ్ళకు పేర్లున్నాయా అని ఎవరూ అడగలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేతగాడి భార్యకు కడుపులో గడ్డ లేచింది. ఆమె అన్న బండి కట్టుకొచ్చి జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయి, తనే తోడుగా ఉండిపోయాడు. మగ్గం మీద చీరలు సగంలో ఉన్నాయి. “నీతో పనుంటే కవరు రాయిస్తాలే,” అని బావకు చెప్పి పోయాడు. ఇతను ఊళ్ళోనే నేసుకుంటూ ఉన్నాడు.

పది రోజులకు ఒక కవరు వచ్చింది. మీద ‘చెన్నకేశవులు గారికి’ అని, కింద మా ఊరి పేరు ఉంది. పెద్దయ్యవారు మూడుసార్లు పిలిచారు. ఎవరూ పలకలేదు. వసారాలో ఎనిమిది మందో పది మందో ఉన్నారు.

“ఆ పేరుగలోళ్ళు మనూర్లో ఎవురూ ల్యారే అయ్యోరూ,” అన్నాడు ఒకాయన.

“మైదుకూరు పక్క పోవల్సింది ఈడికొచ్చినట్లుండాది,” అన్నాడు ఇంకొకడు.

ఎదురుగా వీధిలో ఎదురింటి నేతగాడు పడుగు చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతున్నాడు. మాకు వీపు తిప్పి ఉన్నాడు. ఇటు తిరిగి ఉంటే పెద్దయ్యవారి పెదవుల మీద తన పేరు చూసి ఉండేవాడు. దారాలన్నీ ఎండకు మెరుస్తున్నాయి. నేను ఆ పనితనం చూస్తూ నిలబడ్డాను గానీ ఆ మనిషిని గురించి నాకు ఏ ఆలోచనా రాలేదు.

కవరును రెండు రోజులు కిటికీ చువ్వల మధ్య దోపి ఉంచాం. మూడో రోజు రన్నరు బయలుదేరుతుంటే పెద్దయ్యవారు దాన్ని నాకు అందించారు. “తిప్పి పంపీవల్ల. రాయి చిన్నయ్యోరూ, నీ చెయ్యి బాగుంటాది,” అన్నారు. నా చెయ్యి నిజంగానే బాగుంటుంది. గుండ్రటి అక్షరాలతో ‘ఈ పేరుగలవారు ఈ ఊరిలో లేరు’ అని రాశాను. అది కొంచెం బోడిగా కనబడింది. అందుకని ‘బాగుగా విచారించడమైనది’ అని నా సొంతంగా ఇంకొక వాక్యం చేర్చాను. ఆయన చూసి తలాడించి సంచిలో వేశారు.

తర్వాతి వారం ఒక ఉదయం పెన్న వైపు నుంచి ఒంటెద్దు బండి వచ్చి ఎదురింటి ముందు ఆగింది. బండిలో ఆమె ఉంది. పైన దుప్పటి కప్పి ఉంది. ఆమె అన్న బండి దిగి, బావ దగ్గరికి పోకుండా నేరుగా మా వసారాలోకి వచ్చాడు. చేతిలో ఆ కవరు ఉంది. దాన్ని ముద్రలు కొట్టే బల్ల మీద పెట్టాడు.

“ఇది రాసింది ఎవురు?”

నా చేతిలో కలం ఉంది. వీధిలోవాళ్ళంతా అప్పటికే వసారా ముందు గుమిగూడారు.

“నేను,” అన్నారు పెద్దయ్యవారు.

ఆ అన్న గట్టిగా కూడా మాట్లాడలేదు. “నేను బయట గంజి కాంచుకుంటాంటే ఈయప్పను రమ్మని రాసేదానికి నర్సమ్మ మా చెల్లెల్ని మొగుని పేరడిగిందంట. మాలో ఆడోళ్ళు మొగుని పేరు చెప్పరు గదా అయ్యోరూ. శానాసేపు నోరు తెరవలేదంట. పేరు ల్యాకుంటే కవరు యాడికి పోతాదమ్మా అంటే, నర్సమ్మను వంగమని చెప్పి చెవిలో చెప్పిందంట. బతుక్కంతా ఆ ఒక్కతూరే చెప్పింది. అయిదు దినాలు వాకిలి పక్కే చూస్తా ఉండె. కవరు తిరిగొచ్చె. నర్సమ్మ దాని ముందరే చదివె. ఊర్లో ల్యాడంట అంటే, యాడికి పొయ్యినాడు అని అడిగింది. ఇంగ మాట్లాడలేదు. మర్నాడు పొయ్యింది.”

అప్పుడు ఎవరో, “ఎవురికి రాసిండ్రి, చెవిటోనికా?” అన్నారు. వెనక నుంచి ఇంకెవరో, “చెవిటోని పేరు అదంటనా?” అన్నారు. ఆ పేరు వీధంతా తిరిగింది. ఎదురింటి గుమ్మంలో ఆ పేరుగల మనిషి బండిలోకి చూస్తూ నిలబడి ఉన్నాడు.

నేను ఒప్పుకోలేదు. కలాన్ని జేబులో పెట్టుకున్నాను. ఆయన తన మీద వేసుకున్నారు, నేను వేసుకోనిచ్చాను. ఈ మాటను ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఆ రాత నాది.

దినాలు అయిపోయాక పెద్దయ్యవారు ఎదురింటికి బయలుదేరారు. నన్ను రమ్మనలేదు, నేనే వెంట నడిచాను. అతను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, నేయడం లేదు. పెద్దయ్యవారు పక్క నుంచి పలకరించబోయి ఆగి, చుట్టూ తిరిగి అతనికి ఎదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేటట్టు నేల మీద కూర్చున్నారు.

“చెన్నకేశవులూ,” అన్నారు. “నీ కవరు నా చేతికొచ్చింది. నేనే తిప్పి పంపిస్తి. తప్పు నాది.”

అతను చాలాసేపు ఆ పెదవులనే చూశాడు.

“నాకు పేరుండాదని నీకెట్ల తెలుస్తాది అయ్యోరూ. మా మామ ఒగడు పిలుస్తాండె. ఆయప్ప పొయ్యినంక నేనే మర్సిపోతి.” తర్వాత తనే అడిగాడు. “అది నా పేరు చెప్పిందంట, నిజమేనా?”

“చెప్పింది. నర్సమ్మ చెవిలో చెప్పింది.”

“ఒగనాడూ చెప్పలే. నేను యాపొద్దూ దాని మూతి పక్కే చూస్తాంటి గదా. ఏం మాట్లాడినా తెలుస్తాండె. ఆ పొద్దు ఆడ ఉండింటే చూసింటి. దాని మూతి మీద నా పేరు ఎట్లుంటాదో చూసింటి.”

పెద్దయ్యవారు ఏడ్చారు. ఆయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

తిరిగి వస్తూ వీధి మధ్యలో ఆగి నాతో అన్నారు. “ముద్ర చూసినాను చిన్నయ్యోరూ. జమ్మలమడుగు ముద్ర. వాని పెండ్లాం ఆడ ఉండాదని నాకు తెలుసు. అయినా తోచలే. చెవిటోనికి ఒక పేరుంటాదని, వానికి ఉత్తరమొస్తాదని తోచలే. అంతకన్నా ఏం ల్యా.” చెవిటోడు అనే మాట ఆయన నోట నేను వినడం అదే ఆఖరు.

మరుసటి వారం ఆయన ఒక బౌండు నోటుబుక్కు తీసుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. సాయంత్రం బడి వదలగానే పోయేవారు. ఇంటికి ఒక పుట, మనిషికి ఒక వరుస. నడుము వంగిన ముసలామె పేరు అడిగితే ఆమె నవ్వి, “ఇంగెవురు పిలుస్తారని రాస్తావు అయ్యోరూ,” అంది. చివరికి లక్షుమక్క అని చెప్పింది. చెప్పాక ఇంట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. ఆయన అరుగు మీద కూర్చుని ఆమె వచ్చేదాకా ఉండి, వెళ్ళొస్తానని మర్యాదగా చెప్పి లేచారు.

ఊరు మారిపోయిందని రాయలేను. చాలామంది విసుక్కున్నారు. “చెవుడుంటే చెవిటోడు అనక ఏమంటారు అయ్యోరూ?” అని ఒక పెద్దరైతు మొహం మీదే అడిగాడు. “పేరుతో అంటారు,” అన్నారు ఈయన. “పెట్టింది పిలిచేదానికే గదా. అడిగితే నోరేం అరిగిపోదు.” ఆయన ముందర జాగ్రత్తగా ఉండి, ఆయన మలుపు తిరగగానే మళ్ళీ పాత పేర్లే పిలిచేవాళ్ళు. ఆయనకూ తెలుసు. “నా ముందర అనకపోతే అంతవరకన్నా తగ్గె గదా,” అనేవారు.

నన్ను మాత్రం వదల్లేదు. నత్తి ఉన్న పిల్లవాడి విషయంలో నేను నా వేషం మానలేదు. అంత జరిగాక కూడా మానలేదు, మనిషి అంత మొండివాడు. ఒకరోజు నన్ను బావి దగ్గరికి పిలిచి, “వాడు ఒగ మాట చెప్పేదానికి ఎంత కష్టపడతాండాడో చూస్తాండావు. నువ్వు ఒగ పూట నోరు మూసుకోలేవా?” అన్నారు. ఆ మధ్యాహ్నం తనే ఆ తరగతి తీసుకున్నారు. పిల్లవాడు లేచి మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. రన్నరు సంచితో వచ్చి నిలబడ్డాడు. జనం ఉత్తరాల కోసం వచ్చి నిలబడ్డారు. ఆయన బెత్తం కిందపెట్టి చేతులు కట్టుకుని, “నిదానంగా చెప్పురా, మాకేం తొందర ల్యా,” అన్నారు. వాడు నాలుగు వాక్యాలూ చెప్పేదాకా వసారా అంతా చప్పుడు లేకుండా విన్నది. ఆ రోజు నుంచి నేను వాణ్ణి వెక్కిరించలేదు. సిగ్గుపడ్డాను గనక మానాను, అంతకుమించి గొప్ప కారణం లేదు.

ఒకసారి సుద్దముక్కల కోసం ఇద్దరం ప్రొద్దుటూరు పోయి, తిరుగు బస్సు ఎక్కబోతుంటే కండక్టరు మా ముందున్న చూపులేని ముసలాయన్ని, “ఏయ్ గుడ్డోడా, జరుగు,” అని తోశాడు. పెద్దయ్యవారు మెట్టు మీద అడ్డంగా నిలబడ్డారు. ముసలాయన్ని, “నీ పేరేందప్పా?” అని అడిగి, కండక్టరు వైపు తిరిగి, “ఈయప్ప పేరు మస్తానయ్య. ఇంగ పిలువు,” అన్నారు. జనం బస్సు లోపలి నుంచి అరుస్తున్నారు. కండక్టరు పిలవలేదు గానీ చెయ్యి ఇచ్చి ఎక్కించాడు. దారి పొడుగునా మమ్మల్ని తిడుతూనే ఉన్నాడు.

నాకు బదిలీ వచ్చిన రోజు, ఆ రాత నాదని చెన్నకేశవులుకు చెప్పేస్తానని ఆయనతో అన్నాను. ఆయన నోటుబుక్కు దులుపుతూ, “చెప్పాలనుంటే నువ్వే చెప్పుకోవల్ల. నా నోట రాదు,” అన్నారు. “ఏం చెప్పినా వాని ముందర కూర్చోని చెప్పు. ఎనకాల నుంచి చెప్తే వానికి తెలియదు.” ఎదురింటి గుమ్మం దాకా పోయాను. లోపల మగ్గం ఆడుతోంది. బస్సు టైమైందని నాకు నేనే చెప్పుకుని తిరిగి వచ్చేశాను. తర్వాత ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, బడి పంచాయతీ సమితి చేతికి పోయింది, ఏళ్ళు గడిచాయి. ఏడాదికొకసారి పెద్దయ్యవారిని చూడబోయేవాణ్ణి, ఎదురింటి వైపు తల తిప్పేవాణ్ణి కాదు. ఆయన ఎప్పుడూ గుర్తు చేయలేదు. గుర్తు చేసి ఉంటే ఆయన మీద కోపం తెచ్చుకుని తప్పించుకునేవాణ్ణి. ఆ వీలు కూడా ఇవ్వలేదు.

చివరి రెండేళ్ళలో ఆయనకే చెవులు మందగించాయి. పోయినసారి వెళ్ళినప్పుడు వసారా ముందు ఆడుకునే పిల్లలు ఆయన్ని చెవిటయ్యోరు అంటుంటే విన్నాను. ఆయన వాళ్ళ ముఖాలు చూసి, “ఏమంటాండారు వాళ్ళు?” అని నన్నడిగారు. ‘అయ్యోరు అంటున్నారు,’ అని అబద్ధం చెప్పాను. ఆయన కాసేపు నా పెదవులే చూసి ఊరుకున్నారు. పెదవులు చూడడం ఆయనకు నేర్పుతున్నది చెన్నకేశవులు అని కూతురు చెప్పింది. సాయంత్రాలు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారట.

పెద్దదినానికి వెళ్ళాను. ఆయన రాసిన నోటుబుక్కు పటం పక్కన పెట్టి ఉంది. అందులో పేర్లు సగానికి పైగా పోయినవాళ్ళవే. భోజనాలయ్యాక చేతులు కడుక్కుని ఎదురింటికి వెళ్ళాను. చెన్నకేశవులు మగ్గం దగ్గర ఉన్నాడు, జుట్టంతా తెల్లబడింది. చుట్టూ తిరిగి అతనికి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“ఆ కవరు మీద రాసింది పెద్దయ్యవారు కాదు. నేను,” అన్నాను. మిగిలింది కూడా చెప్పకపోతే మళ్ళీ పారిపోతానని భయం వేసింది. “ఊళ్ళో లేరని రాయమన్నది ఆయన. బాగుగా విచారించడమైనది అని నేను చేర్చాను.”

“అంటే ఏంది?”

“బాగా అడిగి చూశాం అని.”

“అడిగినారా?”

“లేదు.”

అతను నా ముఖం మీది నుంచి చూపు తీయలేదు. వీధిలో విస్తళ్ళు ఎత్తుతున్నారు. పోనీలే అంటాడని ఎదురుచూశాను. ఆ మాట అనలేదు. నేనూ అడగలేదు.

“నీ పేరేంది?” అన్నాడు. “చిన్నయ్యోరు అనేది తెలుసు. పేరు తెలియదు.”

నా పేరు చెప్పాను. అతను పెదవులతో పట్టుకుని పలికాడు. మధ్యలో ఒక అక్షరం తప్పిపోయింది. ముందుకు వంగి మళ్ళీ నెమ్మదిగా చెప్పాను. రెండోసారి ఆ హెచ్చుతగ్గులు లేని గొంతుతో పేరు మొత్తం తప్పు లేకుండా పలికాడు. పలికి, ఇక నా వైపు చూడకుండా, తెగిన పోగును వెతుక్కుంటూ పడుగు మీదికి వంగాడు.